మిక్సింగ్ చేసిన పది నిమిషాలు

మిక్సింగ్‌కి ఒక పేరుంది గాని, అది కరెంటు మీటరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. ఇరవై మూడేళ్ళుగా పెళ్ళి వీడియోలను కత్తిరించి, అతికించి, మీద పాటలు పోసి, ఎవరి పెళ్ళి వాళ్ళకి అప్పజెప్పడమే అతని పని కనక వీధంతా ఆ పని పేరుతోనే పిలిచింది. భార్య మిక్సింగ్ వాళ్ళావిడ. కూతుర్ని మాత్రం ఏమనాలో తెలియక "ఆ పాప" అనేవారు, గొంతు కాస్త తగ్గించి. ఆ గొంతు తగ్గించడం వింటే మిక్సింగ్‌కి ఒళ్ళు మండేది.

"మా అమ్మాయికి చెవులు బాగానే పనిచేస్తాయండీ. మీరు మామూలుగా మాట్లాడొచ్చు," అనేవాడు. వాళ్ళు ఇంకా తగ్గించేవారు.

మనుషుల మీద అతనికి పెద్ద గౌరవం ఏర్పడే అవకాశం లేదు. వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ అతను చూశాడు, అదీ కోతకి ముందు. కెమెరా ఇటు ఉన్నంతసేపూ పళ్ళికిలించి, అటు తిరగ్గానే మొహం మాడ్చుకునే పెళ్ళికొడుకులు. పెళ్ళికూతురు ఏడుస్తుంటే వెనకాల కుర్చీ కోసం పోట్లాడుకునే మేనత్తలు. భోజనాల దగ్గర కొట్టుకోబోయి, లైటు మీద పడగానే కావిలించుకునే అన్నదమ్ములు. అవన్నీ తీసేసి మూడు గంటల ముచ్చటైన పెళ్ళి చేసి ఇచ్చేవాడు. దానికి కొన్ని సూత్రాలున్నాయి. ఏడుపు మూడు సెకన్లకి మించి ఉంచకూడదు. మించితే జాలి పోయి గొడవలా కనిపిస్తుంది. నవ్వుకి ముందు సెకనూ తర్వాత సెకనూ కోసెయ్యాలి, అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చూసేవాళ్ళకి తెలియకూడదు. ముక్కకీ ముక్కకీ అతకనప్పుడు మధ్యలో పువ్వుల్ని చూపించాలి. "ఎంత బాగా జరిగిందో మా పెళ్ళి!" అని జనం ఆ వీడియో చూసి కళ్ళొత్తుకునేవారు. వాళ్ళ పెళ్ళికి వాళ్ళే వెళ్ళారు గదా, ఏం జరిగిందో వాళ్ళకి తెలియదా అని మొదట్లో ఆశ్చర్యపోయేవాడు. తర్వాత ఆశ్చర్యం మానేశాడు.

కూతురికి పదేళ్ళు. అతను దొరసాని అని పిలిచేవాడు. పిలిస్తే పలకదు, ఎవరొచ్చినా లేవదు, తెల్లగా ఉన్నది తప్ప తినదు. తనకి నచ్చిన కుర్చీలో కూచుని వాషింగ్ మెషీన్ గాజు తలుపులోంచి బట్టలు తిరగడం చూస్తూ ఉంటే మిగతావాళ్ళు చుట్టూ నిలబడాలి. దొరసాని గాక మరేమిటి? ఆమెకి మూడు మాటలొచ్చు. "అక్క", "వద్దు", "అయిపోయింది". మూడోదంటే మహా ఇష్టం. చుట్టాలు గుమ్మంలో అడుగు పెడుతుండగానే "అయిపోయింది" అనేది. ఆ ఒక్క విషయంలో తండ్రీ కూతుళ్ళది ఒకటే అభిప్రాయం. కోపమొస్తే మాత్రం కుడి పిడికిలితో తన దవడ మీద తనే కొట్టుకునేది, పక్క గదిలోకి వినబడేంత గట్టిగా. డాక్టర్లు దీనంతటికీ ఒక పొడుగాటి పేరు రాసిచ్చారు. మిక్సింగ్ దాన్ని ఒకసారి చదివి, కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టేశాడు. కాగితం ఎవరి దవడకీ అడ్డం రాదు.

అడ్డం వచ్చింది పెద్దక్క. బస్సులో అరగంట దూరాన ఇలాంటి పిల్లల బడి ఒకటుంది. విడిగా ఒక మనిషి పక్కన లేకపోతే జరగని పన్నెండు మంది పిల్లలకి, ఒక ట్రస్టు వాళ్ళు పన్నెండు మంది తోడు మనుషుల్ని పెట్టారు. దొరసాని పాలిట పడిన మనిషిని బళ్ళో అందరూ పెద్దక్క అనేవారు. మొదటి ఏడంతా ఆమె ముంజేతుల మీద పళ్ళ గుర్తులే. రెండో ఏడు ఆఖర్న దొరసాని ఆమె చేతిలోంచి చెంచా అందుకుంది. పిడికిలి లేచి దవడ దాకా వచ్చేలోపే పెద్దక్క అరచెయ్యి మధ్యలోకి వచ్చేసేది. దెబ్బ అరచేతికి తగిలేది, ఆమె మాట్లాడేది కాదు. రోజుకి ముప్ఫైసార్లు కొట్టుకునే పిల్ల రెండుసార్లకో మూడుసార్లకో దిగింది. మూడు మాటల్లో మొదటిది ఆమె కోసం పుట్టిందే. లోకంలో మిక్సింగ్ వంక పెట్టని మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడు జబ్బు వచ్చి ఊరు మూతపడింది. బడి మూశారు. ఇరవై మందితో చేసుకునే పెళ్ళికి వీడియో ఎందుకని పెళ్ళివాళ్ళు అతన్నీ మూసేశారు. మిక్సింగ్ వాళ్ళావిడ ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్. ఆమె పని మాత్రం మూడింతలయింది. రోజంతా జనం ముక్కుల్లోంచి తీసిన పుల్లలతో గడిపి వచ్చి, ముందు గదిలో ఒంటరిగా ఉండేది. కంచం గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి మిక్సింగ్ తలుపు తట్టేవాడు. మాటలన్నీ తలుపు మీదుగానే.

"ఇవాళ ఎన్నిసార్లు?" అని అడిగేది ఆమె.

"పదకొండు."

ఇరవై ఆరైతే కూడా పదకొండనే చెప్పేవాడు.

మొదటి వారం దొరసాని పొద్దున్న ఎనిమిదింటికల్లా బ్యాగు తగిలించుకుని, బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేది. పదకొండింటి దాకా నిలబడి, తర్వాత కొట్టుకోవడం మొదలుపెట్టేది. మూడో వారానికి నిలబడడం మానేసింది. "చూశారా, అలవాటు పడింది," అన్నాడు ఫోన్లో బావమరిది. అలవాటు పడడమంటే ఏమిటో బావమరిదికి తెలియదు. ఆ పిల్ల వాషింగ్ మెషీన్ ముందు కూచుని, అందులో బట్టలు లేకపోయినా, అది తిరగకపోయినా, చూస్తూ ఉండిపోయింది.

బడి ఊరుకోలేదు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టి దానికి "మన తారలు" అని పేరు పెట్టారు. థెరపీ మేడం అని పాతికేళ్ళ పిల్ల ఒకామె ఉంది. ఆమె పొద్దున్నే ఉదయించే సూర్యుడి బొమ్మ కింద "మీరు ప్రత్యేకమైన తల్లిదండ్రులు, అందుకే దేవుడు ఈ పిల్లల కోసం మిమ్మల్ని ఎన్నుకున్నాడు" అని రాసేది. నేను దరఖాస్తు పెట్టినట్టు గుర్తులేదే అనుకునేవాడు మిక్సింగ్. సూర్యుడి తర్వాత పని వచ్చేది. పిల్లకి ఇంట్లో ఏం నేర్పాలో చెప్పి, శుక్రవారం నాటికి రెండు నిమిషాల వీడియో పంపమనేది. ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడం. చెంచాలూ గిన్నెలూ విడదీయడం. పది నిమిషాలు మాస్కు తియ్యకుండా ఉంచుకోవడం.

మిగతావాళ్ళ వీడియోలు వచ్చాయి. మిక్సింగ్ వాటిని వృత్తిదృష్టితో చూశాడు. పిల్లవాడి మోచేతి కింద తల్లి గాజులు. చెంచా అందుకోబోతున్న చేతికి వెనకనుంచి ఇంకో చెయ్యి. "నాన్నా, చూడు, చూడు!" అని బిస్కట్టు ఊపుతున్న నీడ గోడ మీద. దొంగతనం చేస్తే చేశారు, కాస్త నేర్పుగా చెయ్యాలని కూడా తెలియదు వీళ్ళకి. అన్నిటికన్నా అధ్వాన్నం కుట్టుపనామె పంపే వీడియోలు. ఫోను ఎక్కడో ఆనించి వదిలేసేది. సగం సేపు కుట్టుమిషను కాలు, మిగతా సగం పిల్లవాడు అరుస్తూ పరిగెత్తడం. కత్తిరించడం అటుంచి, కెమెరా నిలువుగా పట్టాలా అడ్డంగా పట్టాలా అన్న ధ్యాస కూడా లేదు. గ్రూపులో ఆమె వీడియోలకి ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు.

తను మాత్రం నిజం పంపాడు. దొరసాని మొహాన మాస్కు పది సెకన్లు. తర్వాత అది నేల మీద. "అయిపోయింది."

థెరపీ మేడం గ్రూపులో అందరి ముందూ రాసింది. "నాన్నగారూ, ఇంకా కొంచెం ఎక్కువ ప్రయత్నించాలి. మిగతా పేరెంట్స్ ఎంత బాగా చేస్తున్నారో చూడండి. ఓపికే మందు." చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఇరవై మూడేళ్ళ పనివాణ్ణి పట్టుకుని, ఆ గాజుల వీడియోలు చూసి నేర్చుకోమంది.

ఆ పై వారం మిక్సింగ్ పెద్ద కెమెరా స్టాండు మీద బిగించి, దొరసానిని కూచోబెట్టి, నలభై ఒక్క నిమిషాలు తీశాడు. ఆ నలభై ఒక్క నిమిషాల్లో మాస్కు ఆమె మొహాన ఉన్నది అన్నీ కలిపితే డెబ్భై సెకన్లు. మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక కంప్యూటర్ ముందు కూచున్నాడు. ముప్ఫై ఒకటో నిమిషం దగ్గర ఒక ముక్క వచ్చింది. అందులో నాలుగు సెకన్లు ఉంచుకుని, తక్కినదాన్ని రెండోసారి చూడకుండా తీసేశాడు. మిగతాది చేతి వాటం. మాస్కుతో ఉన్న ముక్కలన్నీ వరసన పేర్చి, మధ్యలో గోడ గడియారం చూపించాడు. పది గంటలు, పదీ అయిదు, పదీ పది. గడియారం ముల్లు వేలితో తిప్పినదే. అతకని చోట కిటికీలో పూలకుండీ. మీద మెత్తటి ఫ్లూటు. చివర్లో దొరసాని వాషింగ్ మెషీన్ వైపు చూసి ఎప్పుడో నవ్విన నవ్వు, ముందు సెకనూ తర్వాత సెకనూ కోసి.

గ్రూపు ఊగిపోయింది. "సూపర్ డాడ్!" "కన్నీళ్ళు ఆగలేదు సార్!" థెరపీ మేడం మూడుసార్లు చప్పట్లు కొట్టి, "ఓపికకి ఫలితం," అని రాసింది. గొర్రెలు, అనుకున్నాడు మిక్సింగ్. ఆ మెచ్చుకోళ్ళని మళ్ళీ పైనుంచి కిందదాకా చదువుకున్నాడు.

సాయంత్రం తలుపు అవతలనుంచి ఆవిడ గొంతు వచ్చింది. "భోజనం టైములో చూశాను. మాస్కు తీసి ఏడవడానికి కూడా లేదు మాకక్కడ. లోపలే ఏడ్చాను. నిజంగా పది నిమిషాలు ఉంచుకుందా?"

"ఆఁ, ఉంచుకుంది."

ఆ పదకొండు తప్పిస్తే, అబద్ధం అతను ఎప్పుడూ చేత్తో చెప్పాడు గాని నోటితో చెప్పడం అలవాటు లేదు. స్టూలు మీద కంచం పెట్టి వచ్చేశాడు.

వారం తిరక్కుండా బేకరీ ఆయన ఫోన్ చేశాడు. రెండు వీధుల అవతల బేకరీ. పద్నాలుగేళ్ళ కొడుకు, అప్పటికే తండ్రికన్నా ఎత్తు. వాడికీ బళ్ళో తోడు మనిషి ఉన్నాడు.

"గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ వీడియోలో పదింటికి అమ్మాయి చెయ్యి తడిసి ఉంది. పదీ అయిదుకి ఆరింది. పదీ పదికి మళ్ళీ తడిసింది."

మిక్సింగ్ ఫోను చెవికి పెట్టుకునే వీడియో మళ్ళీ తెరిచి చూశాడు. ఇన్నేళ్ళలో తన అతుకు పట్టుకున్న మొదటి మనిషి రొట్టెలు చేసుకునేవాడు కావడం అతనికి చిన్నతనంగా ఉంది.

"తప్పు పట్టడం కాదండీ బాబూ! మావాడిది కూడా కొంచెం అలా... చెయ్యగలరా?"

అలా మొదలైంది. బేకరీ ఆయన తర్వాత ఒక తల్లి, ఆమె తర్వాత ఇంకొకామె. ఎండాకాలం దాటేసరికి ఎనిమిది ఇళ్ళ వీడియోలు పెన్‌డ్రైవుల్లో అతని గుమ్మం దగ్గరికి వచ్చేవి. తనదానితో కలిపి తొమ్మిది. ఊరికే చేసిపెట్టాడు. వాళ్ళంటే ప్రేమ ఏమీ కాదు, ఆ గాజుల పనితనం ఇక చూడలేకపోయాడంతే. తొమ్మిది ఇళ్ళలోనూ పిల్లలు చేతులు కడుక్కున్నారు, చెంచాలు విడదీశారు, మాస్కులు తొడుక్కున్నారు, ఒకే ఫ్లూటు పాట కింద. మధ్యలో పూలకుండీ.

బడి మళ్ళీ తెరవబోయే ముందు ప్రిన్సిపాల్ మేడం స్వయంగా ఫోన్ చేసింది. ఆ రోజు మిక్సింగ్ వాళ్ళావిడకి సెలవు. ముందు గది తలుపు తెరిచే ఉంది. స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"కంగ్రాచ్యులేషన్స్ నాన్నగారూ! మీ పాప వీడియోలన్నీ ట్రస్టు వాళ్ళు చూశారు. ఎంత సంతోషించారో! ఇక తోడు మనిషి అవసరం లేదని రాశారు. మామూలు బ్యాచ్‌లోకి తీసుకుంటున్నాం. ఎనిమిది మందికి ఒక టీచరు."

"మరి పెద్దక్క?"

"ఆవిడని వచ్చే వారం వేరే ఊరి సెంటరుకి పంపుతున్నారు. అవసరం ఉన్న చోటికి."

"ఇక్కడ అవసరం లేదని ఎవరన్నారు?"

"మీరే గదండీ చూపించారు!" మేడం మురిసిపోయింది. "మీరొక్కరే కాదు, తొమ్మిది మంది పిల్లలు ఇండిపెండెంట్ అయ్యారు. ఇక ముగ్గురే మిగిలారు. ఆ కుట్టుపని చేసే ఆవిడ కొడుకు, ఇంకో ఇద్దరూ. ఏదైనా అభ్యంతరం ఉంటే సోమవారం ట్రస్టు మేడం వస్తారు, ఆధారం తీసుకురండి. అభ్యంతరం ఏముంటుంది లెండి!"

ఫోన్ పెట్టేసరికి మిక్సింగ్ వాళ్ళావిడ మొహం వెలిగిపోతోంది. ఎనిమిది నెలల్లో ఆ మొహం అలా ఉండగా అతను చూడలేదు.

"అదేమిటండీ, అలా చూస్తారు? మంచిదేగా! నేను పక్కన లేకపోయినా నా కూతురు..." ఆమె దొరసాని కుర్చీ వైపు చూసింది. "మీరొక్కరే చేశారు ఇదంతా."

"నేనే చేశాను," అన్నాడు మిక్సింగ్.

కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి కూచోమన్నాడు. ఆమె కూచోలేదు. అసలు ఫుటేజీ చెరిపెయ్యడం అతనికి అలవాటు లేదు. పెళ్ళయిన ఆర్నెల్లకి ఎవరో ఒకరు వచ్చి, పోయిన పెదనాన్న మొహం ఎక్కడైనా ఉందేమో చూడమంటారని అన్నీ దాస్తాడు. నలభై ఒక్క నిమిషాల ఫైలు తెరిచి తను పక్కకి తప్పుకున్నాడు.

ఆమె నిలబడే చూసింది. దొరసాని మాస్కు విసిరెయ్యడం, అతను ఏరి మళ్ళీ పెట్టడం. పిడికిలి దవడకి తగులుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు. ఆమె పెదాలు లెక్కపెడుతున్నాయి. ముప్ఫై ఒకటో నిమిషంలో తెర మీది మనిషి పిల్ల రెండు మణికట్లూ ఒక చేత్తో ఒడిసిపట్టుకుని, తల గోడకి అదిమి, మాస్కు తాళ్ళు చెవులకి తగిలించి, "ఉంచుకో! పది నిమిషాలు చస్తావా!" అని అరిచాడు. పిల్ల అరవడం కూడా మానేసింది. కళ్ళు పక్కకి తిప్పేసి బిగుసుకుపోయింది. అలా ఉన్నది సరిగ్గా పది సెకన్లు. ఆ పది సెకన్లలోంచి నాలుగు అతను వీడియోలో వాడుకున్నాడు, తన చేతులు కనబడకుండా దగ్గరికి జరిపి. గ్రూపంతా ఏడ్చింది ఆ నాలుగు సెకన్లకే.

నలభై ఒకటో నిమిషం అయ్యాక ఆమె తెర ఆపింది.

"రోజుకి పదకొండన్నారు."

"ఆఁ."

"ఇందులోనే ఇరవై నాలుగున్నాయి." అతని వైపు తిరిగి అంది, "పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళని ఇన్నేళ్ళు వెక్కిరించారు గదా. వాళ్ళు కనీసం చుట్టాలకి చూపించుకోడానికి చేయించుకున్నారు. మీరు నాకు చూపించారు."

ఆమె ఒక పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"సోమవారం ఇది ఇవ్వండి వాళ్ళకి."

"మొత్తమా?"

"మరి? మళ్ళీ కోస్తారా?"

"ఆ ముక్క తీసేసినా పాపకి మనిషి కావాలని తెలుస్తుంది."

"పాప సంగతి తెలుస్తుంది. మనిషి లేకపోతే ఈ ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు." ఆమె తన గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగింది. "మీరివ్వకపోతే నేనిస్తాను."

ఆదివారం మధ్యాహ్నం బేకరీ ఆయన వచ్చాడు. ఎలా తెలిసిందో తెలిసింది. వీధి గేటు అవతల నిలబడే మాట్లాడాడు.

"గురువుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. అది చూపించకండి. మీదీ నాదీ ఒకటే పాట, ఒకటే పూలకుండీ. మీది అబద్ధమంటే మాది నిజమనుకుంటారా? వాళ్ళేం పిచ్చివాళ్ళా?"

"ఇన్నాళ్ళూ పిచ్చివాళ్ళలాగే చూశారుగా."

"మావాడికి ఇక మనిషి అక్కర్లేదన్నారండీ. ఆ మాట వినడానికి పద్నాలుగేళ్ళు ఆగాను."

"మొన్న మీ షాపు గాజు పలక పగలగొట్టాడట."

"పగలగొడితే? మీ ఇళ్ళలో ఏమీ పగలవా?" బేకరీ ఆయన గేటు ఊచలు పట్టుకున్నాడు. "రోజూ షట్టరు ఎత్తే ముందు ఆ వీడియో ఒకసారి చూసుకుంటాను. మావాడు చేతులు కడుక్కుంటాడు చూడండి, అబ్బ! మా అమ్మకి చూపించాను. పక్క షాపాయనకి చూపించాను."

"అందులో కడుగుతున్న చేతులు మీవి."

"తెలుసు," అన్నాడు బేకరీ ఆయన. "చూస్తున్నంతసేపూ తెలియదు."

మిక్సింగ్ గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. "నేను మీ ఊసెత్తను. నా కూతురి సంగతే చెప్తాను," అని లోపలికి వచ్చేశాడు.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో కిటికీలన్నీ తెరిచి, కుర్చీలు దూరదూరంగా వేశారు. ట్రస్టు మేడం నెరిసిన జుట్టావిడ, ఎదర బొత్తిగా ఏమీ రాయని కాగితం. థెరపీ మేడం మూలన ఉంది. మిక్సింగ్ పెన్‌డ్రైవ్ ఇచ్చి, తను నిలబడే ఉన్నాడు.

"మొత్తం ఎంతసేపు?" అంది ప్రిన్సిపాల్.

"నలభై ఒక్క నిమిషాలు."

"అంతా ఎందుకు లెండి, ముఖ్యమైనది చూపించండి."

"ముఖ్యమైనది ఏరి చూపిస్తేనే గదండీ ఇంతదాకా వచ్చింది."

పన్నెండో నిమిషం దగ్గర ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అర్థమైంది, పాపం, చాలు," అంది. మిక్సింగ్ కదల్లేదు. ఇరవయ్యో నిమిషం దగ్గర థెరపీ మేడం, "నాన్నగారూ, ఇలా ఉందని మాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పానమ్మా. పది సెకన్లని పంపాను. ఓపికే మందన్నారు."

థెరపీ మేడం మొహం కందింది. నిజానికి ఆమె మీద కూడా పెద్దగా కోపం రాలేదు అతనికి. తొమ్మిది ఇళ్ళకి ఒకే పూలకుండీ ఉంటే గుర్తుపట్టని కళ్ళకి ఏం చెప్తాం?

ముప్ఫై ఒకటో నిమిషం వచ్చింది. మిక్సింగ్ తెర వైపు చూడలేదు. చూస్తున్న మొహాల వైపు చూశాడు. "పది నిమిషాలు చస్తావా!" అన్న అరుపు ఆ చిన్న గదిలో ఇంట్లోకన్నా పెద్దగా వినబడింది. ప్రిన్సిపాల్ బల్ల మీది కలం తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. కోతకి ముందు మనుషులు ఎలా ఉంటారో తెలుసుననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఎదటివాళ్ళు తనని అలా చూస్తున్నారు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

వీడియో ఆఖరుదాకా నడిచింది. ట్రస్టు మేడం కాగితం మీద ఇంకా ఏమీ రాయలేదు.

"ఆ ముక్క తీసేసి తెచ్చి ఉండొచ్చు మీరు," అంది.

"ముక్కలు తీసేసి పంపినందుకే మా అమ్మాయికి తోడు అక్కర్లేదన్నారు."

"దీనిమీద నేను మీ గురించి కూడా రాయాల్సి వస్తుంది."

"రాయండి."

"మిగతా ఎనిమిది మందివీ మీరే చేశారా?"

"వాళ్ళ సంగతి వాళ్ళని అడగండి."

ఆమె అప్పుడు రాసింది. పెద్దక్కని పంపడం లేదు. వారానికి అయిదు రోజులూ దొరసాని పక్కనే. నెలకొకసారి ఇంటికి ఒక మనిషి వచ్చి చూసి వెళ్తుంది, పాపనే కాదు, అతన్ని కూడా. దొంగని చూసినట్టు చూస్తారన్నమాట, అనుకున్నాడు మిక్సింగ్. చూడనీ. సంతకం పెట్టి బయటికి వచ్చాడు.

మెట్ల కింద బేకరీ ఆయన కూచుని ఉన్నాడు. ఆ రోజే మామూలు బ్యాచ్‌కి పిల్లల్ని తెచ్చి చూడమన్నారు. కొడుకు ఇరవై నిమిషాలు ఉన్నాడట లోపల. తర్వాత వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ చేశారు. గేటు దగ్గర బేకరీ వ్యానులో ముందు సీట్లో ఆ కుర్రాడు బన్ను తుంచి తుంచి నోట్లో పెట్టుకుంటున్నాడు, ఏమీ జరగనట్టే. తండ్రి ముంజేతి మీద మాత్రం కొత్త గీరలున్నాయి. చొక్కా పై గుండీలు రెండు ఊడిపోయాయి.

"మనిషిని ఇచ్చారా?" అని అడిగాడు బేకరీ ఆయన.

"ఇచ్చారు."

ఆయన తల ఊపాడు. వ్యాను వైపు చూశాడు.

"మావాడిది కూడా ఉందా మీ దగ్గర? అసలుది?"

"ఉంది. గంటా పది నిమిషాలు."

"అందులో నేనున్నానా?"

"ఉన్నారు."

"ఎలా ఉన్నాను?"

మిక్సింగ్‌కి ఆ ఫుటేజీ గుర్తుంది. దాన్ని కత్తిరిస్తున్నప్పుడు ఈ మనిషిని ఎంత ఏవగించుకున్నాడో కూడా గుర్తుంది.

"నాలాగే ఉన్నారు," అన్నాడు.

బేకరీ ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఖాళీ పెన్‌డ్రైవ్ తీశాడు. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నట్టున్నాడు.

"ట్రస్టు మేడం ఎంతసేపు ఉంటారు పైన?"

"మూడింటిదాకా అన్నారు."

"అయితే పదండి," అని ఆయన లేచాడు. "వ్యాన్లో మీ ఇంటికెళ్ళి, అసలుది దీన్లోకి ఎక్కించుకుని వచ్చేద్దాం. మీరు మాత్రం వెనక కూచోవాలి, ముందు సీటు వాడు ఎవరికీ ఇవ్వడు."